తాటిచెట్టు దిగివచ్చిన బెల్టు

1987 ఫిబ్రవరి 17, మంగళవారం. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, పొయ్యి అలికాను. దినాలకు ఇరుగుపొరుగు నుంచి తెచ్చిన గంగాళాలు తోమి ఎవరివి వారికి పంపాను. మామయ్యకు జావ కాచి మూతపెట్టాను. కొత్త చింతపండు వచ్చింది, గింజలు తీయడం కాలేదు. మానుకోట రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో నెల్లికుదురు వెళ్లి, ఒక పని ముగించుకొని దీపాల వేళకు జనగామ చేరాను. ఇవీ ఈ రోజు పనులు.

మా అత్తమ్మ ఈ నెల మొదట్లో పోయింది. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి పొద్దున పాలు పొంగే వేళకు లేవలేదు. మంచం పట్టలేదు, ఒకరితో చేయించుకోలేదు. చూడవచ్చిన వాళ్ళంతా మంచి చావు అన్నారు. చావు మంచిదే. కానీ ఆమె దాదాపు ఎనిమిదేళ్ళు ఈ ఇంటి గడప దాటలేక బతికిందని వాళ్ళలో చాలామందికి తెలియదు. ఎలా చిక్కుకుపోయిందో, ఎలా బయటపడిందో దగ్గరుండి చూసినదాన్ని కనుక రాస్తున్నాను.

మా మామయ్యకు ఒక విలాయతి కారు ఉంది. అరవైలో ఓడ దిగిన బండి అనీ, హైదరాబాదులో ఒక నవాబు ఇంటివాళ్ళు అమ్ముకుంటుంటే కొన్నాననీ చెప్పేవారు. మాది ఊళ్ళో భూములున్న ఇల్లు, కాపురం జనగామలో. పొలం తర్వాత మామయ్యకు లోకమంటే ఆ కారే. దాని దీపం అద్దం పగిలితే, అదే కాలపు అద్దం దొరికేదాకా అట్టముక్క పెట్టి నడిపారు తప్ప కొత్తది వేయించలేదు. "దేని ఈడుది దానికే ఉండాలె" అనేవారు.

ఆ కారులో ఆడవాళ్ళు వెనక కూర్చోవాలి. వెనక కిటికీలకు ఎర్ర పరదాలు, ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ అడ్డంగా ఇంకో ఎర్ర పరదా. ఆ అడ్డ పరదా తాడు కట్టడానికన్నట్టు, ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్యనున్న నిలువు కమ్మీలో, ఇటొకటి అటొకటి, మరలున్న రంధ్రాలు కారుతోపాటే వచ్చాయి. మామయ్య వాటికి ఇత్తడి కొక్కేలు చేయించి బిగించారు. విలాయతి వాళ్ళకు కూడా పరదా పద్ధతి ఉందన్నమాట అని ఆయన సంతోషపడ్డారట. ఇంట్లో అందరూ అదే నమ్మారు. కొత్తకోడలిగా వచ్చిన నేను కూడా నమ్మాను.

1969లో తెలంగాణ గొడవ జోరుగా సాగుతున్న రోజులు. బడులు మూతబడ్డాయి. ఏ రోడ్డు ఎక్కడ ఆగుతుందో తెలియదు. అత్తమ్మ భూపాలపల్లి దగ్గరి పల్లెలో ఉన్న తన తల్లిగారింటి నుంచి తిరిగి వస్తోంది. కారు నడుపుతున్నది మామయ్యే. జనగామ పొలిమేరలో చదువుకునే పిల్లలు రోడ్డుకడ్డంగా మొద్దులు వేసి కూర్చున్నారు. మామయ్య ఆపలేదు. బండిని పక్క మట్టిలోకి దించి, ఎగిరెగిరి పడుతుంటే అట్లాగే దాటించి ఇంటికి తెచ్చారు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కారు వాకిట్లో ఆగగానే మగవాళ్ళు దిగి, మొహం అటు తిప్పుకొని నిలబడాలి. లోపలి ఆడవాళ్ళు దిగి గడప దాటిన తర్వాతే ఇటు తిరగాలి. మామయ్య ఆ ప్రకారమే మొహం తిప్పుకొని సిగరెట్టు ముట్టించారు. నేను కాళ్ళకు నీళ్ళ చెంబు పట్టుకొని గడప దగ్గర ఉన్నాను. సిగరెట్టు సగానికి వచ్చింది. మీ అత్త నిద్రపోయిందేమో చూడమన్నారు, గోడవైపే చూస్తూ. వెళ్లి చూశాను. అవతలి తలుపు తెరిచి ఊగుతోంది. సీటు మీద తమలపాకుల పెట్టె ఉంది. అత్తమ్మ లేదు.

ఆమెను రిక్షాలో తెచ్చింది ఆ మొద్దులు వేసిన పిల్లలే. కారు ఎగిరినప్పుడు తలుపు తెరుచుకొని, పరదా గుడ్డ పీలిక చేతిలో పట్టుకునే కింద పడిందట. ముందున్న ఆయనకు మధ్యలో పరదా అడ్డం, కేక వేస్తే ఇంజను చప్పుడు. ఆ పిల్లల్లో ఒకడు మామయ్యతో ఎంతో మర్యాదగా అన్నాడు: "బాపూ, గింత సామాను తొవ్వల పడేసి పోయిన్రు. జర ఎనకకు సూసుకుంట పోవాలె గద."

ఆ మాట జనగామ అంతా తిరిగింది. ఆ రోజు నుంచి మామయ్య అత్తమ్మతో నేరుగా మాట్లాడలేదు. కోపం కాదు, మొహం చెల్లలేదు. అత్తమ్మ కూడా మాట్లాడలేదు. ఆమెది మాత్రం కోపమే. ఇద్దరూ ఒకే గదిలో ఉండి నా నోటితో మాట్లాడుకునేవారు. "మీ మామకు చెప్పు బిడ్డా" అని ఆమె, "మీ అత్తకు చెప్పు" అని ఆయన. మధ్యలో నేను చెప్పేదాకా కూడా ఆగేవారు కాదు. ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉండేది, అయినా నేను నిలబడి ఉండాలి.

ఆ పడటంలో దెబ్బతిన్న అత్తమ్మ నడుము నయమైంది, నడకలో ఒక పక్కకు ఒరగడం మిగిలింది. కారులో మాత్రం ప్రయాణం చేయలేకపోయింది. ఇంజను మోగగానే ఒళ్ళంతా చెమట పట్టి, తలుపు తెరుచుకొని దిగిపోయేది. బస్సులో వెళ్తానంటే మామయ్య ఒప్పుకోలేదు. మా పెరటి గోడ వెనకే రైలు కూతపెట్టి పోయేది, అదీ వద్దన్నారు. "ఇంట్ల కారు పెట్టుకోని బస్సుల పోతే నలుగురు ఏమంటరో మీ అత్తనడుగు" అన్నారు. కారులో పోలేకపోతోంది, కారు ఉంది కనుక ఇంకెందులోనూ పోకూడదు. అట్లా చిక్కుకుంది ఆమె. వంటింటి నుంచి పెరటికి, పెరటి నుంచి వంటింటికి. పండుగలు వచ్చేవి, తల్లిగారింటి నుంచి మనిషి వచ్చి పిలిచేవాడు, ఈమె చీరె, గాజులు ఇచ్చి పంపేది. భూపాలపల్లి దగ్గర ఆమె తల్లి, అవ్వ అనేవాళ్ళం, కాళ్ళు పడిపోయి అత్తమ్మ తమ్ముడి ఇంట్లో మంచంలో ఉంది. వచ్చిన ప్రతి మనిషితో అవ్వ పంపే మాట ఒక్కటే: నేను కదలలేను, అది ఎందుకు కదలదు?

ఆ మాట విన్న రోజు అత్తమ్మ అన్నం తినేది కాదు.

ఆ రోజుల్లో ఆమెకు ఒక అలవాటు పడింది. మధ్యాహ్నం మామయ్య నిద్రపోయాక చింతపండు చాట పట్టుకొని షెడ్డులోకి వెళ్లి, ఆగి ఉన్న కారులో వెనక సీటు మీద కూర్చునేది. తలుపు వేసుకొని, పరదాలు దించుకొని, ఆ ఉక్కలో గింజలు తీసేది. ఎందుకత్తమ్మా అని అడిగితే, "అలవాటు చేస్తున్న బిడ్డా" అంది. ఎవరికని నేను అడగలేదు. తనకు తానే, ఒక బెదిరిన ఎద్దుకు కాడి అలవాటు చేసినట్టు. మామయ్యకు తెలుసు. సీటు మీద గింజ పడకూడదని మాత్రం నాతో చెప్పించారు.

ఒకసారి ఆమె నాతో అంది: "నన్ను సీటుకు కట్టేసి తీస్కపోతే వస్తనని మీ మామకు చెప్పు. చీరెతోనన్న కట్టున్రి, తాడుతోనన్న కట్టున్రి." పక్క గదిలోంచి జవాబు వచ్చింది. మనిషిని తాడుతో కట్టేది పాడె మీదేననీ, అటువంటి మాట ఈ ఇంట్లో మళ్ళీ అనొద్దని చెప్పమనీ.

నా పుట్టిల్లు మానుకోట. ఒక చలికాలం వెళ్లినప్పుడు ఈ సంగతి మా నాన్నతో, బాపు అంటాం, చెప్పాను. ఆయన నవ్వి, కారులో మనిషిని కట్టేసే పట్టీ వేరే ఉంటుందన్నాడు. మానుకోటలో అప్పట్లో ఒక చిన్న దవాఖాన నడిపిన తెల్ల దొరసాని డాక్టరమ్మ ఉండేది. ఆమె కారు అచ్చం మా మామయ్య కారే, రంగు వేరు. "ఆమె మేకను గుంజకు కట్టేసినట్టు తననే కట్టేసుకోని నడుపుతుంటె పోరగాండ్లు ఎంటబడి నవ్వేటోళ్ళు బిడ్డా. గదాన్ని బెల్టు అంటరు" అన్నాడు. అది ఎక్కడ బిగించి ఉండేదని అడిగాను. రెండు తలుపుల నడిమి కమ్మీకి, అక్కడొక రంధ్రం ఉంటుంది, అందులో అన్నాడు. మా కారులో ఆ రంధ్రంలో ఇత్తడి కొక్కెం ఉంది.

జనగామ వచ్చి రంధ్రం సంగతి చెప్పలేదు, బెల్టు సంగతి మాత్రం చెప్పాను. మామయ్య విన్నారు. కారుతో పుట్టిన వస్తువైతే అభ్యంతరం లేదన్నారు. అయితే దాని ఈడుదే కావాలన్నారు. మా వారు హైదరాబాదులో పాత సామాన్ల బజారు తిరిగి ఒక జీపు బెల్టు తెచ్చారు. మామయ్య దాన్ని వెలుతురులో పట్టుకొని చూసి, కారుకంటే పదేళ్ళ చిన్నదని పక్కన పెట్టారు. బియ్యం చెరుగుతున్న అత్తమ్మ చాట ఆపింది. "కారుకు ఈడు సూస్తుండు. నా పెండ్లినాడు గీ ఈడు లెక్క ఎవలు సూసిన్రో మీ మామనడుగు బిడ్డా" అంది. వాళ్ళిద్దరికీ వయసులో ఎంత తేడా ఉందో నాకు తెలుసు. నేను అడగలేదు. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళారు.

నెల తిరక్కుండా బాపు నుంచి కబురు వచ్చింది. డాక్టరమ్మ ఎప్పుడో తన దేశం వెళ్ళిపోయింది. ఆమె కారు దవాఖాన వెనక కోళ్ళ గూడై ఉంది. బెల్టు అందులో లేదు, కానీ జాడ తెలిసింది. నెల్లికుదురు దగ్గర ఒక గౌడన్న తాటిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే డాక్టరమ్మే కట్టు కట్టి నయం చేసిందట. వెళ్ళిపోయే ముందు తన కారు బెల్టు విప్పి అతని చేతిలో పెట్టి, ఈసారి ఇది కట్టుకొని ఎక్కమందట.

బాపూ నేనూ నెల్లికుదురు వెళ్ళాం. తాటివనంలో మొదట బెల్టే కనిపించింది. ఆకాశంలో, మట్టల కింద, బూడిదరంగు వెడల్పు పట్టీ, దాని మీద ఇనుప బకిల్ ఎండకు తళుక్కుమంటోంది. గౌడన్న తన మోకులో, చెట్టుతో కలిపి నడుముకు చుట్టుకునే ఆ తాడులో, వీపుకు ఆనే చోట దాన్ని కలిపి ముడివేసుకున్నాడు. వెనక్కి వాలి, తన బరువంతా దాని మీద వేసి, రెండు చేతులతో గెల గీస్తున్నాడు. చెట్టు మీద ఉన్నవాణ్ని పిలవకూడదని బాపు నన్ను ఆపాడు. కింద నిలబడి అతను దిగేదాకా చూశాం. అడగవచ్చిన వస్తువు అతని ప్రాణాన్ని మోస్తుంటే అట్లా తలెత్తి చూడటం నాకు చాలా కష్టమైంది. అడక్కుండా వెళ్ళిపోదామని కూడా అనిపించింది.

దిగి, కల్లు లొట్టి కింద పెట్టి, అతను మా మాట విన్నాడు. ముందు నవ్వాడు. మోకు అడగడమంటే ప్రాణం అడిగినట్టే, ఏ గౌడూ మోకు అమ్మడు అన్నాడు. తర్వాత ఎవరికని అడిగాడు. మా అత్తమ్మ పడిందని చెప్పాను. ఎంత ఎత్తు నుంచి అన్నాడు. కారులోంచి అన్నాను. కారెంత ఎత్తుంటుందని అడిగితే బాపు మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాడు. గౌడన్న మళ్ళీ నవ్వబోయి ఆగిపోయాడు.

"ఎత్తు ఎంతయితేంది చెల్లె. పడ్డోనికి భూమి ఒక్కటే" అన్నాడు.

ఇప్పుడేం చేస్తోంది అని అడిగాడు. ఆగిన కారులో కూర్చొని చింతపండు గింజలు తీస్తుందని చెప్పాను. అతను తన కాలు వైపు చూసుకున్నాడు. కాలు అతుక్కున్నాక తానూ ఒక పంటకాలమంతా చెట్టు మొదట్లో కూర్చొని పైకి చూస్తూ ఉండిపోయాననీ, చెట్టు మీద చెయ్యి వేసి మళ్ళీ తీసేసేవాణ్ననీ, పెళ్ళాం తన కళ్ళలోకి చూడటం మానేసిందనీ చెప్పాడు. తర్వాత మోకును రెండు చేతులా పట్టుకొని అన్నాడు: "అమ్మను. అక్కెరకు ఇస్త. అక్కెర తీరంగనే మల్ల నా చేతుల పెట్టాలె. కిందేసి దాటొద్దు. గియ్యి ఒప్పుకుంటె మిరుగం నాటికి గీత ఆపి, నేనే తెస్త. వచ్చే గీతకు ఏరే మోకు పేనుకుంట."

ఒప్పుకున్నాం. కానీ మిరుగం, అదే మృగశిర కార్తె, ఇంకా దూరం ఉంది. ఎండలు ముదిరిన రోజుల్లో భూపాలపల్లి నుంచి మనిషి వచ్చాడు. అవ్వకు గంజి దిగడం లేదని చెప్పాడు. మా వారు వెంటనే నెల్లికుదురు వెళ్లి బెల్టు తెస్తానన్నారు. అత్తమ్మ వద్దంది. "ఆయన చెట్టు మీదుండంగ ఆయన నడుం కిందిది నేనెట్ల గుంజుకుంట" అంది. ఆ వేసవి ఆమె షెడ్డులోకి రెండు పూటలా వెళ్ళేది. చాట లేకుండా కూడా వెళ్ళేది. కిటికీ పరదా సందులోంచి ఒక కన్ను మాత్రం కనిపించేది నాకు. పనిచేసుకుంటూ నేనూ ఆ ఇంట్లోనే తిరిగేదాన్ని, ఏమీ చేయలేక.

మొదటి వాన పడ్డ మర్నాడు గౌడన్న రైలు దిగి వచ్చాడు. తువాలలో చుట్టిన బెల్టును అత్తమ్మ చేతికే ఇచ్చాడు. అన్నం పెడితే తిన్నాడు, దారి ఖర్చు ఇవ్వబోతే తీసుకోలేదు. వెళ్ళేటప్పుడు అత్తమ్మతో ఒక్క మాట అన్నాడు: "భయం పోదక్కా. కట్టుకోని ఎక్కుడే."

మామయ్య బెల్టును షెడ్డులోకి తీసుకుపోయి పట్టి పట్టి చూశారు. బకిల్ మీది అక్షరాలు చదివారు, చివరనున్న ఇనుప బిళ్ళను కొలిచారు. చాలా ఏళ్ళకు ఆయన మొహంలో సంతోషం చూశాను. ఇదే, దీని ఈడుదే అన్నారు. కల్లు వాసన వస్తోందని ముక్కు చిట్లించారు గానీ బయట పెట్టలేదు. పానా తీసుకొని, ఎక్కడ బిగించాలా అని కమ్మీ వైపు చూశారు. బిళ్ళను రంధ్రం దగ్గర పట్టారు. అక్కడ ఇత్తడి కొక్కెం ఉంది.

ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆ రంధ్రం ఎందుకుందో కూడా అప్పుడే అర్థమైంది. కొక్కెం తీస్తేనే బెల్టు. కొక్కెం తీస్తే మధ్య పరదా లేదు. పైగా అక్కడి నుంచి బెల్టు అందేది ముందు సీటుకే. అంటే అత్తమ్మ ముందు కూర్చోవాలి, ఆయన పక్కన, పరదా లేకుండా, హనుమకొండ బజారు మీదుగా. వెనక సీటుకు కావాలంటే కారుకు కొత్త రంధ్రం పొడవాలి. తన చేతులతో ఆ పని ఆయన చేయలేరు. పానా కింద పెట్టి, ఇది కుదరదని మీ అత్తకు చెప్పు అన్నారు.

నేను చెప్పనక్కరలేకపోయింది. అత్తమ్మ షెడ్డు గుమ్మంలోనే ఉంది. నడుము ఒరిగిన పక్కకు చెయ్యి ఆనించుకొని లోపలికి వచ్చింది.

"ఇన్నేండ్లు కోడలి నోటితోని మాట్లాడిన. ఇయ్యాల నేనే అడుగుత" అంది. "ఆ సందు పరదాకు పెట్టిందా, పట్టీకి పెట్టిందా?"

మామయ్య కొక్కెం మీద వేలు ఆనించారు. "పట్టీకే" అన్నారు.

"మరి దేని ఈడుది దానికే ఉండాలెనంటిరి గద."

ఆ మాట అని ఆమె అక్కడి నుంచి కదలలేదు. మామయ్య పానా తీసుకున్నారు. కొక్కెం ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి రాలేదు. కిరసనాయిలు పోసి, గుడ్డ చుట్టి, మోకాళ్ళ మీద కూర్చొని తిప్పితే, కీచుమని ఒక్కో మర వదులుతూ వచ్చింది. ఎర్ర పరదా తాడుతో సహా జారి వెనక సీటు మీద పడింది. నేను మడతపెట్టి పెట్టెలో వేశాను.

మర్నాడు బయల్దేరాం. ముందు ఆయన, పక్కన అత్తమ్మ, వెనక నేను. ఇంజను మోగగానే ఆమె మెడ మీద చెమట పట్టడం నాకు కనిపించింది. రెండు చేతులతో బెల్టును పట్టుకుంది. దిగిపోతుందేమో అనుకున్నాను. దిగలేదు. దిగడానికి ఆ బకిల్ ఎలా తెరవాలో ఆమెకు తెలియదు. మామయ్య ఎడ్లబండి వేగంతో నడిపారు. వెనక లారీవాళ్ళు హారన్లు కొట్టి, తిట్టి, దాటిపోయారు. హనుమకొండలో జనం వంగి చూశారు. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి గానీ బండి ఆపలేదు. పరకాల దాటాక అత్తమ్మ చేతులు కొంచెం వదులయ్యాయి.

"తొవ్వ గింత పొడుగుంటదా" అంది.

ఎవరిని అడిగిందో తెలియదు. అన్నేళ్ళూ ఆమె ఏ ఊరినైనా పరదా సందులోంచి, వెనక్కి పోతుండగా చూసిందే. ఊళ్ళు ఎదురు రావడం ఆమెకు అదే మొదటిసారి. "ఉంటది" అన్నారు మామయ్య. నా ద్వారా కాదు.

రేగొండ దాటి, ఎర్రమట్టి దారి పట్టి, పల్లె చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. వాకిట్లో ఆగాం. మామయ్య దిగి, పాత అలవాటుగా మొహం తిప్పుకొని నిలబడ్డారు. అత్తమ్మ దిగలేదు. బకిల్ రావడం లేదు. గౌడన్న దాన్ని ఎన్నడూ తెరిచి వేసినవాడు కాదు, జనగామలో మామయ్య కష్టపడి వేశారు. పాత తుప్పూ తాటి జిగురూ కలిసి బిగుసుకుపోయింది. నేను లాగాను, అత్తమ్మ తమ్ముడు లాగాడు, రాలేదు. తల్లి ఉన్న గది కిటికీ అక్కడికి కనిపిస్తోంది. అన్నేళ్ళకు వాకిలి దాకా వచ్చి, అడుగు తీసి కింద పెట్టలేక, చెమటతో తడిసి కూర్చుంది ఆమె. కోస్తాం, కత్తి తెమ్మన్నాడు తమ్ముడు. అత్తమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "కోయద్దు. ఒకల పానంది" అంది.

అప్పుడు లోపలి నుంచి అవ్వ కేక వినిపించింది, ఎవరొచ్చారని. చెప్పారు. కూతురు దిగలేకపోతోందని చెబితే, నన్నే తీసుకుపొమ్మంది. నలుగురు మంచం ఎత్తి తెచ్చి కారు తలుపు పక్కన దించారు. అవ్వ ఎండిన చింతబరిగెలా ఉంది. అత్తమ్మ కిటికీలోంచి బెల్టు సాగినంత మేర వంగింది. అవ్వ చెయ్యి పైకెత్తింది. వేళ్ళ కొసలు కూతురి బుగ్గకు అందాయి, అంతకంటే అందలేదు.

"నిన్నెవలు కట్టేసిన్రే?" అంది అవ్వ.

"నేనే కట్టుకున్ననే అవ్వా. నీ తానికి రావాలెనని."

అవ్వ ఆ బెల్టును కళ్ళతో తడిమింది. ఈలోగా ఎవరో ఆముదం గిన్నె తెచ్చారు. అవ్వ వాళ్ళను ఆపింది. "ఉండున్రి. జరసేపు ఇడిపియ్యకున్రి. ఇడిపిస్తె మల్ల పోతది" అంది.

అందుకని ఎవరూ విప్పలేదు. కారు తలుపు తెరిచి పెట్టి, నీడకు చద్దరు పట్టి, తల్లీ కూతుళ్ళను అట్లా వదిలేశాం. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. గంజి తెస్తే అవ్వ రెండు గుక్కలు తాగింది, కారు వైపు చూస్తూ. నీడలు సాగాక మామయ్య ఆముదం గిన్నె తీసుకొని అత్తమ్మ ముందు మట్టిలో కూర్చొని, ఊరంతా చూస్తుండగా ఒక్కో చుక్క వేసుకుంటూ బకిల్ విప్పారు. ఆయన తెల్ల ధోవతికి అంటిన ఆ ఎర్రమట్టి నేను ఎన్ని ఉతుకులు ఉతికినా పూర్తిగా పోలేదు.

అవ్వ ఆ వానాకాలం గడిపింది. అత్తమ్మ నెలకోసారి వెళ్లి వచ్చింది. అవ్వ పోయాక కూడా ప్రయాణాలు మానలేదు. పొలానికి, పెళ్ళిళ్ళకు, ఒకసారి కాటారం దాకా. భయం పోలేదు. గౌడన్న చెప్పినట్టే, కట్టుకొని ఎక్కేది. ఆమె సంచిలో తమలపాకుల పెట్టె పక్కన ఆముదం సీసా ఎప్పుడూ ఉండేది. బండి దిగగానే ముందు బకిల్‌కు ఒక చుక్క వేసి, పట్టీ నేలకు జారకుండా సీటు మీద చుట్టి పెట్టి, అప్పుడు మనుషులను పలకరించేది. "చేతులు మంచిగుంటె కట్టు గుడ మంచిదే బిడ్డా. మనం ఇప్పుకునేటట్టుండాలె" అనేది. నాకు తోచనప్పుడు, ఈ ఇంట్లో ఊపిరాడనప్పుడు, ఆ మాట తలచుకుంటాను. పాత అలవాటు ఒకటి మిగిలింది. చింతపండు గింజలు చివరిదాకా కారులోనే తీసింది. ఇప్పుడు ముందు సీటులో.

ఈ నెల మొదట్లో ఆమెను వాకిట్లో పాడె మీద పడుకోబెట్టి తాళ్ళు చుడుతున్నారు. ఆ సమయంలో మామయ్యను లోపలికి తీసుకుపోదామని చూశారు. ఆయన కదలలేదు. మొహం తిప్పుకోలేదు. చుట్టే తాడు వైపే చూస్తూ, నెమ్మదిగా, "జర గట్టిగ కట్టున్రి. పడిపోతది" అన్నారు.

దినాలు అయ్యాక ఆయనే షెడ్డులోకి వెళ్లి బెల్టు విప్పి తెచ్చారు. అక్కెర తీరింది, వాపసు ఇచ్చి రమ్మన్నారు. కమ్మీకి రంధ్రం ఖాళీగా కనిపిస్తోంది. దుమ్ము పోకుండా పాత కొక్కెం పెట్టమంటారా అని అడిగాను. "అది దానిది కాదు" అన్నారు.

ఈ రోజు నెల్లికుదురులో గౌడన్న ఇంటి ముందున్న తాటిచెట్టు మొదట్లో కూర్చొని ఉన్నాడు. చూపు తగ్గింది, చెట్టెక్కడం మానేశాడు. బెల్టు రెండు చేతులా అందించాను. అతను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కల్లు వాసన పోయింది. ఆముదం వాసనొస్తంది" అన్నాడు. బకిల్ తడిమి, "అమ్మ మల్ల పడ్డదా చెల్లె?" అని అడిగాడు.

"లేదన్నా. మల్ల ఎన్నడు పడలేదు."

అతను లేచి, తడుముకుంటూ, బెల్టును ఆ చెట్టు చుట్టూ నడుము ఎత్తున చుట్టి బకిల్ వేశాడు. నూనె పట్టి ఉంది కనుక ఒక్క చప్పుడుతో పడింది. ఒకసారి విప్పి చూశాడు, సులువుగా వచ్చింది. మళ్ళీ వేసి చెట్టు మీద చెయ్యి ఉంచి నిలబడ్డాడు. బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి చూశాను. ఆ చెట్టు ఎక్కడికో బయలుదేరబోతున్నట్టు బెల్టు కట్టుకొని ఉంది.

నెల్లికుదురు గౌడన్నకు వాపసు ఇవ్వవలసినది: కారు బెల్టు ఒకటి. ఇచ్చాను. బాకీ తీరింది.